ఈరమ్మ మూట, చిత్తారి తోక

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సుంకమ్మ. గాడిదల మీద సున్నపురాయి వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. వానకో వరదకో దారిలో ఎక్కడ ఆగిపోవాల్సి వచ్చినా, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఈ కథే చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట అటూ ఇటూ అయ్యేది కాదు. నేనూ ఆమె చెప్పినట్టే చెబుతాను. ఇదే కథని మా ఊరి పూర్ణయ్య పుస్తకంలో అచ్చేసుకున్నాడు. అతను చేసిన పని సంగతి చివర్లో చూద్దాం. ముందు కథ.

నల్లగుట్ట మీద జంతువులు ఉండేవి. ఎండలు ముదిరితే గుట్ట మీద చెలమలు అడుగంటిపోతాయి. అప్పుడు అందరూ కట్టగట్టుకుని గుట్ట దిగి, ఎర్రవాగు దాటి, అవతల పెద్దమడుగు దగ్గరికి పోతారు. వానలు పడ్డాక తిరిగొస్తారు. ఏటా ఇదే తంతు.

ఆ దారికొక కట్టుబాటు ఉంది. ముందు నడిచేవాళ్ళ మెడలో గంట ఉంటుంది. గంట ఎటు మోగితే అందరూ అటే నడవాలి. ఎక్కడ ఆగాలో, నీళ్ళు ఎవరు ముందు తాగాలో గంట కట్టుకున్నవాళ్ళే చెబుతారు. దారిలో ఉన్నంతకాలం ఎవరూ ఎవరినీ తినకూడదు. అందరికంటే చివర నడిచేవాళ్ళకి మాత్రం ఎవరూ పూచీ పడరు. ఎందుకంటే గుట్ట దిగిన దగ్గర్నుంచి వెనకాలే తోడేలు వస్తుంటుంది. దానికి ఈ కట్టుబాట్లు పట్టవు.

ఆ గంట చాలా ఏళ్ళుగా గాడిద ఈరమ్మ మెడలో ఉంది. ఈరమ్మకి వయసు మళ్ళింది. ఎడమ ముందుకాలు కాస్త ఈడ్చి నడుస్తుంది. తనే ముందు కాబట్టి అందరూ ఆమె నడకకే సర్దుకుంటారు. అదే చివర నడవాల్సి వస్తే తోడేలుకి మొదటి ముద్ద ఆమే. ఈ సంగతి ఈరమ్మకి తెలుసు. మిగతావాళ్ళకీ తెలుసు. అందరికంటే బాగా తెలిసింది నక్క చిత్తారికి.

ఆ ఏడు బయల్దేరే పొద్దున ఈరమ్మ వీపు మీద గోనెసంచి మూట ఒకటి కట్టుకుని వచ్చింది.

"ఏం అత్తా, కాపురం మారుస్తున్నావా?" అన్నాడు చిత్తారి.

"దారికి పోతున్నాంగా అల్లుడా. దారికే."

"ఇంత మూటా? ఏం తెస్తున్నావో మాకూ చూపించు."

దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టి ఈరమ్మ మూట విప్పింది. ఒక వంకర కర్ర. చిన్న కట్ట పాత గడ్డి. మూతి పగిలిన కుండ. నల్లటి ఉప్పుగడ్డ. అంచులు పీకిపోయిన గొంగడి ముక్క.

కుందేలు చెవులయ్య పక్కున నవ్వాడు. నక్క ఇంకా జోకు వేయకముందే నవ్వడం అతనికి అలవాటు.

"అడవికి పోతూ కర్ర మోసుకొస్తోంది, చూశారా" అన్నాడు చిత్తారి అందరి వైపూ తిరిగి. "పచ్చగడ్డి దగ్గరికి పోతూ పాతగడ్డి. మూతి లేని కుండలో నీళ్ళు పట్టేదెట్టా, అవి నిలిచేదెట్టా. ఎర్రటెండలో గొంగడి. అత్తా, నీ కాలు ఈడ్చుకుపోతోందని మేం జాలిపడ్డాం. ఈడ్చేది కాలు కాదు, ఈ చెత్త."

"మధ్యలో ఆగిపోతే?" అంది ఈరమ్మ.

"ఎందుకు ఆగిపోతాం?"

"ఆగకపోతే సంతోషమే. ఆగిపోయామనుకో, ఆ చోటు మన ఇల్లు కాదు. ఇంట్లో ఎవరికి ఏది లేకపోతే ప్రాణం కుదుటపడదో, అది కాస్త వెంట ఉంటే ఆ చోటులోనూ మనిషి మనిషిలా ఉంటాడు, మేక మేకలా ఉంటుంది."

"నన్ను చూసి నేర్చుకో అత్తా. నాకేమైనా మూట ఉందా? తోక ఊపుకుంటూ బయల్దేరతా. తోక ఊపుకుంటూ చేరతా."

చెవులయ్య మళ్ళీ నవ్వాడు. ఈసారి కోడి రంగమ్మ కూడా నవ్వింది. మేక పోలమ్మ నవ్వలేదు గానీ, తల దించుకుంది. నవ్వు దాచుకోవడానికే దించుకుందని ఈరమ్మకి అర్థమైంది. గంట మెడలో ఉన్నా, వెనకాల నవ్వేవాళ్ళుంటే దాని మోత ఎవరి చెవికీ ఎక్కదు. నక్క కనిపెట్టింది కూడా అదే.

"పందెం వేసుకుందాం" అన్నాడు. "పెద్దమడుగు చేరేలోపు ఈ మూటలో ఉన్నది ఏదైనా, ఎవరైనా నోరు తెరిచి అడిగితే గంట నీదే. బతికినంతకాలం నీ మూట నా వీపు మీద మోస్తా. ఎవరూ అడక్కపోతే గంట నా మెడకి రావాలి. నువ్వు చివర నడవాలి."

చివర అన్న మాట వినగానే పోలమ్మ తన పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుంది.

"ఎవరైనా అంటే ఎవరైనానా?" అంది ఈరమ్మ.

"ఎవరైనా. కావాలంటే నన్నూ కలుపుకో" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు చిత్తారి.

"కలుపుకున్నా. భద్రయ్యా, విన్నావుగా?"

భద్రయ్య ఎద్దు. ఏ మాటకైనా ముందు కాసేపు నమిలి తర్వాత జవాబు చెబుతాడు. "విన్నాను. తీర్పు నాది" అన్నాడు.

గంట మోగింది, అందరూ గుట్ట దిగారు. నక్క మాత్రం తిన్నగా నడవలేదు. ఒక్కొక్కరి పక్కన కాసేపు నడిచాడు.

చెవులయ్యతో అన్నాడు: "గంట నాకొస్తే రెండో చోటు నీది. నోరు కట్టుకో చాలు."

రంగమ్మతో అన్నాడు: "గంట నాదైతే దారిలోనే కాదు, గుట్ట మీద కూడా నీ వైపు కన్నెత్తి చూడను."

పోలమ్మతో ఇలా అన్నాడు: "నువ్వు అడిగావనుకో, నేను మర్చిపోను. గంట ఈ ఏడు కాకపోయినా పై ఏడు నాదే. అప్పుడు చివర ఎవర్ని నడిపించాలో నాకు బాగా గుర్తుంటుంది. నీ పిల్లల కాళ్ళు ఇంకా చిన్నవి కదా."

భద్రయ్య దగ్గరికి వచ్చి మర్యాదగా వంగాడు. "పెద్దాయనా, తీర్పు చెప్పేవాడు తనే అడిగితే బాగుండదేమో." భద్రయ్య నమిలి, నమిలి, "బాగుండదు" అన్నాడు.

అలా నలుగురి నోళ్ళూ కట్టేశాడు.

ఎర్రవాగు దగ్గరికి వచ్చేసరికి అది ఎండిపోయి ఉంది, మధ్యలో ఉన్న పరుపుబండ దాకా పాదాలు తడవకుండా నడిచారు. పరుపుబండ అంటే చాపలా పరుచుకున్న బోడిరాయి. చెట్టు లేదు, పొద లేదు, నీడ లేదు. ఈరమ్మ అక్కడ ఆగి చెవులు నిక్కించింది.

"పైన ఎక్కడో వాన పడింది" అంది.

"ఆకాశంలో మబ్బు తునక లేదు" అన్నాడు చిత్తారి. "అత్తకి మూట విప్పాలని ఉంది, అంతే."

అతను మాట పూర్తి చేసేలోపే వాగు వచ్చింది. ఎర్రటి నీళ్ళు, నురగ, కొట్టుకొచ్చే కొమ్మలు. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే. వెనక గట్టు మీద తోడేలు తీరిగ్గా కూర్చుని నాలుక చాపుకుంది.

"చిటికెలో తగ్గిపోతుంది" అన్నాడు చిత్తారి.

తగ్గలేదు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. చిత్తారి ఒక్కడే తోక ముక్కు మీదికి లాక్కుని, ఉండలా చుట్టుకుని హాయిగా గురకపెట్టాడు. మిగతావాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు.

తెల్లారేసరికి కోడి రంగమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. కోడి నేల మీద పడుకోలేదు. కాలి వేళ్ళ కింద ఏదైనా పట్టు దొరికితేనే దానికి కునుకు. బండ మీద పట్టుకోవడానికేముంది? చెవులయ్యకి తల దూర్చడానికి బొరియ లేదు. నాలుగు పక్కలా ఆకాశమే కనిపిస్తుంటే గాలి వీచినప్పుడల్లా ఎగిరి పడ్డాడు. పోలమ్మ పిల్లలు పాలు తాగుతున్నాయి, వదిలేస్తున్నాయి, అరుస్తున్నాయి. తమ పాక వాసన లేనిచోట అవి పడుకుని ఎరగవు. భద్రయ్య నోట్లో ఏమీ లేకుండానే దవడలు ఆడిస్తున్నాడు. అది చూస్తే అందరికీ ఇంకా దిగులేసింది.

మధ్యాహ్నానికి బండ కాలింది. పిల్లలు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాయి.

"అక్కా" అంది పోలమ్మ ఈరమ్మ వైపు తిరిగి.

నక్క చెవులు లేచాయి. పోలమ్మ ఇంకొక్క మాటంటే గంట పోయినట్టే. "ఆగు ఆగు" అంటూ మధ్యలోకి దూకాడు. "ఏమిటీ ఏడుపులు? వాగు ఎప్పుడో తగ్గింది. పైకి ఉరవడి కనిపిస్తోంది గానీ లోతు మోకాలెత్తు. నేను దాటి చూపిస్తా, నా వెనకే వచ్చేయండి. సాయంత్రానికల్లా మడుగు దగ్గరుంటాం."

"దిగొద్దు అల్లుడా" అంది ఈరమ్మ.

"అత్తకి భయమేసింది, చూశారా" అని చిత్తారి నీళ్ళలో కాలు పెట్టాడు.

రెండో కాలు పెట్టేలోపే మనిషి కనబడలేదు. నీళ్ళు తిప్పి తిప్పి బండ చివరికి విసిరేశాయి. అక్కడ రాతి సందులో ఇరుక్కున్న మొద్దును పళ్ళతో కరుచుకుని, భద్రయ్య కొమ్ము అందిస్తే పట్టుకుని పైకి వచ్చాడు. ఒంటి మీది నీళ్ళు దులుపుకున్నాడు. ఒళ్ళు కాస్త ఆరింది. తోక ఆరలేదు. బురద పట్టి, నీళ్ళు మింగి, బావిలోంచి అప్పుడే తీసిన మోకులా వెనకాల వేలాడింది. ఊపబోతే ఊగలేదు.

అప్పుడే పడమట నుంచి మబ్బు కమ్మింది. ఎండ పోయింది. చల్లటి గాలి మొదలైంది.

ఈరమ్మ ఆ తోక వైపు ఒకసారి చూసింది. మబ్బు వైపు ఒకసారి చూసింది. లేచి మూట విప్పింది.

గడ్డి కట్ట తీసి పిల్లల కింద పరిచింది. అది వాళ్ళ పాకలో వాళ్ళు పడుకున్న గడ్డే. బయల్దేరేముందు ఏరుకొచ్చింది. పిల్లలు వాసన చూశాయి, ముడుచుకున్నాయి, అంతలోనే నిద్రపోయాయి.

పోలమ్మ బెదిరిపోయింది. "నేను అడగలేదక్కా."

"నువ్వడగలేదులే. నేనే ఇస్తున్నా."

"అడక్కుండా ఇచ్చింది పందెంలోకి రాదు" అని అరిచాడు చిత్తారి. "భద్రయ్యా, చెప్పు."

భద్రయ్య నమిలాడు. "రాదు" అన్నాడు.

"రాకపోతే పోనీ" అంది ఈరమ్మ. వంకర కర్రని రెండు రాళ్ళ మధ్య అడ్డంగా పెట్టింది. రంగమ్మ ఎక్కి కూర్చుంది, వేళ్ళు బిగించింది, రెక్కలో తల పెట్టుకుంది. మూతి పగిలిన కుండను ఈరమ్మ పక్కకి వాల్చింది. చెవులయ్య అందులో దూరాడు. చెవులు మాత్రం బయట మిగిలాయి. ఉప్పుగడ్డ తెచ్చి భద్రయ్య ముందు పెట్టింది. భద్రయ్య ఒకసారి నాకాడు, కళ్ళు మూసుకున్నాడు, ఆ పైన తీరిగ్గా నాకుతూ కూర్చున్నాడు.

చిత్తారి లోపల్లోపల పొంగిపోయాడు. ముసలిది తన గోతిని తనే తవ్వుకుంది అనుకున్నాడు. అవసరాలన్నీ తీరిపోయాయి. ఇక అడిగేవాళ్ళెవరు? గంట మెడలో పడ్డట్టే.

మూటలో గొంగడి ముక్క ఒక్కటే మిగిలింది. ఈరమ్మ దాన్ని మడత పెట్టి, తన కాళ్ళ ముందు పెట్టుకుని కూర్చుంది. ఎవరికీ ఇవ్వలేదు. తనూ కప్పుకోలేదు.

పొద్దు వాలుతుండగా తుంపర మొదలైంది. గాలి బండ మీదుగా కోసుకుపోయింది. చిత్తారి ఓ మూల చేరి అలవాటు చొప్పున తోక ముక్కు మీదికి లాక్కున్నాడు. తడి బురద ముక్కులోకి పోయి తుమ్మాడు. తోక వదిలేసి కాళ్ళ మధ్య ముక్కు పెట్టుకున్నాడు. వీపు వణికింది. వీపు దాచుకుంటే ముక్కు వణికింది. లేచాడు, తిరిగాడు, మళ్ళీ పడుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

"ఎవరు అక్కడ చెకుముకి రాయి కొడుతున్నది?" అన్నాడు చెవులయ్య కుండలోంచి.

చిత్తారి మెల్లగా ఈరమ్మ దగ్గరికి వచ్చాడు.

"అత్తా, ఆ గొంగడి తడిసిపోతుందేమో. నా పక్కన గాలి తక్కువ. అక్కడ పెట్టుకుంటే మంచిది."

ఈరమ్మ భద్రయ్య వైపు చూసింది.

"అది సలహా" అన్నాడు భద్రయ్య. "అడగడం కాదు."

"తడిస్తే తడవనీలే అల్లుడా" అంది ఈరమ్మ.

చిత్తారి తన మూలకి పోయాడు. మళ్ళీ వచ్చాడు. "అందులో పురుగులుంటాయి. దులిపి పెట్టనా?"

"అది పని చేసిపెడతాననడం" అన్నాడు భద్రయ్య.

"నీకు శ్రమెందుకు? మడుగు దగ్గర దులుపుకుంటాలే" అంది ఈరమ్మ.

గాలి ఇంకా పెరిగింది. చిత్తారి మూడోసారి వచ్చి, ఏడవలేక నవ్వుతూ అన్నాడు: "పెద్దదానివి. అల్లుడు వణుకుతుంటే చూస్తూ కూర్చోవడం నీకు న్యాయమేనా?"

భద్రయ్య ఈసారి చాలాసేపు నమిలాడు. "అది నిష్ఠూరం" అన్నాడు.

రంగమ్మ కర్ర మీద కళ్ళు తెరిచింది. పోలమ్మ తలెత్తింది. ఎవరూ నిద్రపోవడం లేదు. అందరూ వింటున్నారు.

"పిల్లలకి ఇచ్చావు, కోడికి ఇచ్చావు. నవ్వినవాడికి కుండ ఇచ్చావు" అన్నాడు చిత్తారి. "నాకెందుకు ఇవ్వవు?"

"నీకు మూట అక్కర్లేదని నువ్వే చెప్పావుగా. అక్కర్లేనివాడికి ఇస్తే అవమానించినట్టు. నాకు మర్యాద తెలుసు" అంది ఈరమ్మ.

చిత్తారి గంట వైపు చూశాడు. అది మూరెడు దూరంలో, ఈరమ్మ మెడకి వేలాడుతోంది. గొంగడి వైపు చూశాడు. అది జానెడు దూరంలో ఉంది. ఒక గాలి తెర వచ్చి తడి తోకని వీపుకేసి కొట్టింది.

"అత్తా" అన్నాడు. "ఆ గొంగడి ఇవ్వు."

భద్రయ్య ఉప్పు నాకడం ఆపాడు. "అది అడగడం" అన్నాడు. ఈ మాటకి ముందు మాత్రం నమలలేదు.

కుండలోంచి నవ్వు మొదలైంది. చెవులయ్యకి నక్క జోకు వేయకముందే నవ్వే అలవాటు కదా, ఈసారి నక్కనే చూసి నవ్వాడు. రంగమ్మ కర్ర మీద నుంచి జారిపడేంత నవ్వింది. పోలమ్మ తల దించుకోలేదు. ఎదురుగానే నవ్వింది.

ఈరమ్మ నవ్వలేదు. గొంగడి విప్పి చిత్తారి మీద కప్పింది. ముక్కు దాకా లాగి అంచులు లోపలికి దోపింది.

"ఇక్కడ బొచ్చు లేనివాళ్ళెవరున్నారు చెప్పు" అంది. "మేకకి బొచ్చుంది, కోడికి ఈకలున్నాయి, నాకూ భద్రయ్యకీ తోలు మందం. గొంగడి మాకెవరికి కావాలి? పోయినేడు తుంపరలో నీ తోక తడిసి, ఒక రాత్రంతా నువ్వు పొర్లడం చూశాను. అప్పుడే అనుకున్నా, ఈసారి అల్లుడికోసం ఒక గొంగడి ముక్క తేవాలని. అందరికంటే ముందు మూటలో పెట్టింది అదే."

చిత్తారి గొంగడి కింద ఇంకాస్త ముడుచుకున్నాడు.

"నీ మూట నీ వెనకాలే మొలిచింది. పుట్టినప్పట్నుంచి మోస్తూనే ఉన్నావు. మాకు మొలవలేదు కాబట్టి కట్టుకుని తెచ్చుకున్నాం. అంతే తేడా. ఇక పడుకో. పొద్దున బరువు మోయాలి."

తెల్లారేసరికి వాగు తీసింది. ఈరమ్మ కర్ర, గడ్డి, కుండ, ఉప్పు, గొంగడి అన్నీ లెక్క చూసుకుని, చిత్తారి వీపు మీద పెట్టి గట్టిగా బిగించింది. ముడి వదులుగా ఉందని విప్పి మళ్ళీ కట్టింది. పని అంటే అలా ఉండాలి. పోలమ్మనీ పిల్లల్నీ తన వెనకే నడవమంది. చివర ఎద్దును పెట్టింది. ఆ కొమ్ములు చూసి తోడేలు గట్టు మీదే ఆగిపోయింది.

గంట మోగింది. ఈసారి ఆ మోత చెవికెక్కనివాళ్ళు లేరు. కాలు ఈడుస్తూ ముందు ఈరమ్మ, ఆమె నడకకి అడుగు కలుపుతూ అందరూ, మధ్యలో మూట కింద వంగి చిత్తారి. తోక అప్పటికి ఆరింది. కానీ పైన కుండ దొర్లుతుంటే ఊపడానికి కుదరలేదు. పెద్దమడుగు కనబడగానే నక్క తల తప్ప అన్ని తలలూ పైకి లేచాయి.

తన సుఖం ఒంటి మీదే మొలిచినవాడు ఎదుటివాడి మూటని బరువని అనకూడదు. మా అత్త చెప్పిన నీతి ఇది.

ఇక పూర్ణయ్య సంగతి. అతని పుస్తకంలో ఈరమ్మ గుర్రం. గాడిద గెలిచిందని వేస్తే పుస్తకానికి చిన్నతనమట. గొంగడి ముక్కని పట్టుశాలువా చేశాడు. నక్క వణుకుతుందని జాలిపడి గుర్రమే ముందు కప్పిందట. నక్క అడగకపోతే పందెం ఎవరు గెలిచినట్టు? ఆ పుస్తకం అచ్చయిన నాటి నుంచి అతనితో నాకు మాటల్లేవు. ఇకముందూ ఉండవు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ణే, కానీ గాడిద వెంట నడిచి పెరిగినవాణ్ణి. గుర్రానికీ గాడిదకీ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా చేతిరాత ఒకరు చదివేలా ఉండదు. అందుకని అడుగుతున్నాను. అడగడం తప్పు కాదని ఈ కథలోనే ఉంది. ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే, దస్తూరి బాగున్నవాళ్ళెవరైనా గుర్రం అన్న ప్రతిచోటా కొట్టేసి గాడిద అని రాయండి, శాలువాని గొంగడి చేయండి, చెప్పింది సుంకమ్మ అని అడుగున పేరు పెట్టండి.